రెండో పూత

మార్కరు మూత తీస్తే వచ్చే స్పిరిటు వాసన రహీమాబీకి తాలింపు వాసనంత అలవాటైపోయింది. బడి లైబ్రరీ వెనకగదిలో, గోడవారన పేర్చిన అట్టపెట్టెల మధ్య చాప పరుచుకుని, ఒళ్ళో చెక్కపలక పెట్టుకుని కూర్చునేది. ఏప్రిల్లో మొదలయ్యే తరగతులకు ఇండియా నుంచి పుస్తకాలు ఫిబ్రవరిలోనే దిగుతాయి. ఈ అరబ్బు దేశంలో పిల్లల కంట పడకూడనివి ఏ పేజీలో ఏ వరుసలో ఉన్నాయో బడి ఆఫీసువాళ్ళు టైపు చేసి పంపుతారు. ఒకచోట సారాసీసా బొమ్మ, ఒకచోట పంది బొమ్మ, పటంలో ఒక పేరు, చరిత్ర పాఠంలో ఒక వాక్యం. వాటిమీద నల్లరంగు పూయడం ఆమె పని.

చిన్నపనే గానీ దానికీ ఒక ఒడుపుంది. కిందిపేజీకి రంగు దిగకుండా అట్టముక్క దూర్చాలి. స్కేలు ఆనించి ఎడమ నుంచి కుడికి ఒక పూత. అది ఆరేదాకా పుస్తకాన్ని తెరిచి పక్కన పెట్టి ఇంకోటి అందుకోవాలి. ఆరినాక మళ్ళీ తీసుకుని, ఈసారి పైనుంచి కిందికి రెండో పూత. ఆ రెండో పూత ఎవరూ చెప్పింది కాదు. ఒక్క పూతకు అక్షరాలు కనపడతాయేమో, కనపడితే ఎవరైనా అడుగుతారేమో, అడిగితే ఉద్యోగం పోతుందేమో అని ఆమె తనంతట తానే కలుపుకున్నది.

లైబ్రేరియన్ వీరరాఘవరావుది కాకినాడ. సాయంత్రం పూట గుట్టలోంచి ఒకటి రెండు పుస్తకాలు లాగి, పేజీని కిటికీకేసి పట్టి, ఎండలో చూసేవాడు.

"మీరు రాకముందు ఇంకొకరి చేత గీయించానండి. పిల్లలు కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి శుభ్రంగా చదివేసుకున్నారు. కొత్తపుస్తకం చేతికి రాగానే వాళ్ళు ముందు చదివేది ఆ నల్లవరుసే. మీరు పూసింది మాత్రం సూర్యుడికి కూడా కనపడదు రహీమాబీ గారూ" అని నవ్వేవాడు.

ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన రహీమాబీకి ఆ మాటే పెద్ద సర్టిఫికెట్టు. ఆ మంగళవారం కూడా ఆ మాట విని, నల్లబడిన వేళ్ళు కడుక్కుని, కూతురు ఫైజాతో కలిసి బడి బస్సులో బనియాస్ చేరింది. విల్లా వెనకవైపు రెండు గదులు వాళ్ళ ఇల్లు. ఆమె బియ్యం కడిగి కుక్కరు పెడుతుండగా ఫైజా సంచిలోంచి లావుపాటి పాతపుస్తకం ఒకటి తీసింది. అట్ట అంచులు నలిగి దూదిలా లేచి ఉన్నాయి. దాన్ని మామూలు పుస్తకంలా బల్లమీద పడేయకుండా, తన పాత చున్నీ మడతపెట్టి దానిమీద ఉంచింది.

"ఎవురిదే అది?"

"దిల్షాద్ మేడమ్‌ది. సొంతది. ఇక్కడ షాపుల్లో దొరకదంట. జాగ్రత్తమా, అట్ట ఊడొస్తాండాది."

పదకొండో తరగతికి ఇంగ్లీషు చెప్పే దిల్షాద్ బేగంది హైదరాబాదు. వచ్చే సోమవారం నాలుగైదు ఇండియన్ బళ్ళ పిల్లలు వీళ్ళ బడి హాల్లోనే కలుస్తారు. బడికొకరు చొప్పున ఒక్కో నవల మీద వ్యాసం చదవాలి. తమ బడి తరఫున మేడమ్ ఫైజాను నిలబెట్టింది. ఈ నవల ఏయే పాతకథల మీద నిలబడిందో, రాసినాయన ఎక్కడెక్కడి నుంచి ఏమేం తెచ్చుకున్నాడో చెప్పడం ఫైజా వంతు. బిడ్డ రెండు వారాలుగా అన్నం ముందర కూడా అదే ధ్యానంలో ఉంటోంది.

రహీమాబీ చెయ్యి తుడుచుకుని పుస్తకం వెనకట్ట చూసింది. ఇంగ్లీషు ఆమెకు కూడబలుక్కుంటే వస్తుంది. లైబ్రరీలో పుస్తకాల వీపులకు చీటీలు అంటించి అంటించి అబ్బిన చదువు అది. పి, ఓ, ఎల్, ఐ. ఆఫీసు నుంచి వచ్చే కాగితాల్లో ఆమె చాలాసార్లు చూసిన మాట.

"పొలిటికల్ అని ఉండాదే దీనిమీద."

"నవలే మా. ఏటిమీద పడవ నడిపేటోని కొడుకు గవర్నరయ్యే కథ. అమెరికాలోది. మా జేజి పుట్టకముందుది."

"అమెరికాదా" అంది రహీమాబీ. ముందుగదిలో టీవీ ఇరాకు యుద్ధం చూపిస్తోంది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. రహీమాబీకి కీడెంచడంతోనే పొద్దు గడిచిపోయేది, మేలు దాకా ఎప్పుడూ వచ్చేది కాదు. హాల్లో ముందువరుసలో కూర్చునే పెద్దమనుషుల్లో ఎవరో ఒకరు లేచి ఈ పిల్ల రాజకీయం మాట్లాడుతోందని అంటారు. ప్రిన్సిపాల్ పిలుస్తాడు. ఆ కబురు భర్త నూర్ మొహమ్మద్ పనిచేసే కాంక్రీటు కంపెనీకి పోతుంది, అక్కడి మేనేజరు ముదీర్‌కి, ఆయన్నించి వీసా ఇచ్చిన కఫీల్‌కి. అల్ ఖూజ్‌లో ఒక కూలీల క్యాంపులో ఎవరో ఏదో కాగితం పంచితే మూడోపొద్దుకు విమానం ఎక్కించారని పక్కవాటాలో చెప్పుకోగా విన్నదే కదా. కుక్కరు మూడో విజిలు వేసేలోపల ఆమె మనసులో వీసా రద్దయ్యి, సామాన్లు అట్టపెట్టెల్లోకెక్కి, ముగ్గురూ కడప స్టేషన్లో దిగిపోయారు.

పుస్తకం దాచేద్దామా అనుకుంది. చున్నీ మీద పెట్టుకున్న తీరు గుర్తొచ్చి ఆ పని చేయలేకపోయింది. చదవొద్దని చెప్పడానికీ నోరు రాలేదు. ఆమెకు చేతనైనది ఒక్కటే మిగిలింది.

మర్నాడు బుధవారం. ఫైజా అభ్యాసం కోసం మేడమ్ దగ్గర ఉండిపోయింది. రాసుకున్న కాగితాలే పట్టుకుపోయింది గానీ అట్ట ఊడుతుందని పుస్తకం ఇంట్లోనే పెట్టింది. రహీమాబీ ముందు బస్సులో దిగి, సందు మలుపులో మలయాళీవాళ్ళ బకాలా కొట్టులో కొత్తిమీరతో పాటు ఒక నల్ల మార్కరు కొనుక్కుంది.

నమాజు చదువుకున్నాక పుస్తకం ముందేసుకుని కూర్చుంది. పేజీల మధ్య ఫైజా గుర్తుకు పెట్టుకున్న కాగితం ముక్కలు పైకి తేలి ఉన్నాయి. బిడ్డ హాల్లో చదివేది ఆ పేజీలే అయ్యుంటాయి. వాటిని బాగుచేస్తే చాలు. బియ్యంలో రాళ్ళేరితే బియ్యం పాడవుతాయా? ఎవరి పంటికీ తగలకుండా పోతాయి, అంతే. అట్టముక్క దూర్చింది. స్కేలు ఆనించింది.

ఈసారి ఏ వరుస తీసేయాలో చెప్పే కాగితం లేదు. కాబట్టి ప్రతి వరుసా తానే చదవాల్సి వచ్చింది. కూడబలుక్కుని, తెలియని మాట దగ్గర ఆగి, ఫైజా డిక్షనరీ తిరగేసి, అప్పుడు నిర్ణయం. గవర్నరు అన్నచోటల్లా ఒక గీత. తిరుగుబాటు, ఓటు, ప్రభుత్వం. పడవవాడి కొడుకు వరదలో జనాన్ని ఒడ్డుకు చేర్చినప్పుడు బాగానే ఉన్నాడు. గవర్నరయ్యాక ఏటికి అడ్డంగా ఆనకట్ట కట్టించాడు. ఒక ఊరు మునిగింది. అతని చిన్ననాటి స్నేహితుడే కథ చెప్పేవాడు. మునిగినవాళ్ళ పేర్లు రిపోర్టులోంచి కొట్టేసే పని అతనికి పడింది. ఆ వరుస దగ్గర రహీమాబీ చేయి కాసేపు ఆగింది. ఇతనిదీ మా పనే లాగుందే అనుకుంది. అందులో చావు మాట ఉంది, ప్రభుత్వం మాట ఉంది. పూసేసింది. ఆరనిచ్చి రెండో పూత కూడా వేసింది.

పేజీల అంచుల్లో పెన్సిలుతో సన్నటి కలిపిరాత ఉంది. అది ఆమెకు చదవరాలేదు. ఒకచోట మాత్రం కింగ్ అన్న మాట పోల్చుకుంది. రాజులూ మారాజుల సంగతి మనకెందుకని ఆ రాత మీద కూడా మార్కరు నడిపించింది. ఫైజా వచ్చేసరికి పుస్తకం చున్నీ మీద ఎప్పటిలాగే ఉంది. ఆమెకు చాలారోజుల తర్వాత గుండె తేలికైంది. ఆ పూట చపాతీలు కూడా పొంగాయి.

గురువారం. ఇక్కడ గురు, శుక్రవారాలు బడికి సెలవు. ఉదయం టీ తాగి ఫైజా పుస్తకం తెరిచింది. రహీమాబీ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఓరకంట చూస్తోంది. ఫైజా పేజీ తిప్పింది. ఇంకోటి తిప్పింది. గుర్తులు పెట్టుకున్న చోట్లన్నీ వరసగా తిప్పింది. ఆ పిల్ల అరుస్తుందని, పుస్తకం విసిరికొడుతుందని రహీమాబీ ఎదురుచూసింది. ఫైజా లేచి కిటికీ దగ్గరికి పోయి, ఒక పేజీని ఎండకేసి పట్టింది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. ఈ ఊరి బళ్ళలో చదివిన పిల్లలందరికీ తెలిసిన విద్య అది. తర్వాత పుస్తకం కిందికి దించింది.

"రెండు పూతలు కొట్టినావు గదా" అంది.

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది రహీమాబీకి.

నీ మంచికే అంది. నాయన వీసా సంగతి అంది. హాల్లో ఎవురెవురొస్తారో నీకేం తెలుసంది. ఫైజా ఏదీ కాదనలేదు. నేలమీద కూర్చుని మోకాళ్ళమీద పుస్తకం పెట్టుకుని, నల్లటి కడ్డీల మీద వేలితో మెల్లగా రాస్తూ ఉండిపోయింది. ఇది మేడమ్‌కు వాళ్ళ కాలేజీ సారు ఇచ్చిన పుస్తకమనీ, అంచుల్లో పెన్సిలు రాత ఆయనదేననీ, ఏ మాట ఏ పాతకథ నుంచి వచ్చిందో ఆయన గుర్తుపెట్టుకున్న చోట్లు అవేననీ కాసేపటికి చెప్పింది. తాను సోమవారం నిలబడనని, మేడమ్‌కి ఏం మొహం పెట్టుకుని చూపించాలో తెలియదని కూడా చెప్పింది.

రహీమాబీ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఆమె భయపడ్డ కీడులన్నీ బయటినుంచి వచ్చేవే. కీడు తన సంచిలో కొత్తిమీర పక్కన కూర్చుని ఇంటికి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

"ఆ పేజీ ఇట్లా చూపీ" అంది చివరికి.

"ఏం కనపడతాదిమా. నువ్వు పూసింది సూర్యునిగ్గూడా కనపడదు అంటాడు గదా ఆ సారు."

"కనపడక్కర్లేదు. నేను చదివే పూసినా."

ఫైజా తలెత్తి చూసింది.

రహీమాబీ నల్లటి కడ్డీ మీద వేలుపెట్టి కళ్ళు మూసుకుంది. "ఐ. తర్వాత సి, ఆర్, ఓ, రెండు ఎస్‌లు. దానికి అర్థం తెలీక డిక్షనరీ చూసినా. కొట్టేసేది అని ఉండాది" అంది. అట్లా అక్షరం అక్షరం కూడుతూ ఉంటే ఫైజా పక్కకాగితం మీద రాస్తూ పోయింది. వరుస పూర్తయ్యాక పైకి చదివి, తెలుగులో చెప్పింది.

"పేర్లు కొట్టేశాను. కొట్టేయడానికి ఒక్కో పేరూ చదవాల్సి వచ్చింది."



ఆ పొద్దంతా అదే పని. ఫైజా లెక్కల బాక్సులోని ట్రేసింగు కాగితాన్ని సన్నటి పట్టీలుగా కత్తిరించింది. రహీమాబీ గుర్తుచేసుకుని చెబుతుంటే పట్టీమీద రాసి, మైదాపిండి జిగురుతో నల్లవరుస మీద అతికించింది. ఒక్కోచోట రహీమాబీకి మాట అందేది కాదు. మొదటి అక్షరం గుర్తుండేది, పొడుగు గుర్తుండేది, మాట ఉండేది కాదు. ఫైజా ముందువరుస, వెనకవరుస చదివి ఇదా, అదా అని అడిగేది. కొన్ని దొరకలేదు. కొన్ని దొరికినట్టే అనిపించాయి గానీ నిజంగా అవేనో కాదో. పెన్సిలు రాత మాత్రం ఒక్క ముక్క తిరిగిరాలేదు. చదవనిదాన్ని ఎక్కణ్ణుంచి తెస్తుంది?

మాటల మధ్య కథ ముందుకు నడిచింది. వరద, పడవ, ఎక్కినవాళ్ళు బతకడం అన్నీ పెద్దలు చెప్పే జలప్రళయం కథలోంచే ఈ రచయిత తీసుకున్నాడని ఫైజా చెప్పింది. ఊరి పెద్దలు గుంపుగా నిలబడి గవర్నరు చేసే పనిమీద వ్యాఖ్యానం చెప్పడం గ్రీకుల నాటకాల్లోంచి వచ్చిందట.

రహీమాబీ జిగురుగిన్నె కలుపుతూ, "ఆ పడవ కథ మా జేజి గూడా చెప్పేది. ఎక్కినోళ్ళ పేర్లే చెప్పేది. ఎక్కనోళ్ళ పేర్లు ఎవురన్నా రాసిపెట్టినారా?" అంది.

ఫైజా పెన్సిలు ఆపింది. "అదే మా. ఈయన రాసింది ఆ ఎక్కనోళ్ళ కథే. పాతకథను తిరగేసి చూసినాడు." అని గబగబా తన వ్యాసం కాగితాల మీద ఏదో రాసుకుంది. రాసుకున్నాక గుర్తొచ్చినట్టుంది, తాను నిలబడనని చెప్పిన సంగతి. కాగితం మడిచి పక్కన పెట్టింది.

మధ్యాహ్నం నూర్ మొహమ్మద్ వారాంతపు సెలవుకి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని లోపలికొచ్చి, నేలంతా కాగితం ముక్కలు, జిగురు చూసి గుమ్మంలోనే ఆగాడు.

"అమ్మాకూతుళ్ళు గాలిపటాలు చేస్తాండారా? ఈడ ఎగరేస్తే పోలీసోళ్ళు పట్టుకుంటారేమో కనుక్కున్నావా రహీమా?"

ఫైజా నవ్వలేదు. రహీమాబీ మొదటిసారి, పోలీసుల మాట వినికూడా ఉలిక్కిపడలేదు. ఆమె భయం అప్పటికే వేరే మనిషి మీదికి మళ్ళింది. శనివారం దిల్షాద్ బేగం ముందర నిలబడాలి.

ఫైజా తనే ఇస్తానంది. రహీమాబీ ఒప్పుకోలేదు. శనివారం మొదటి గంట కొట్టకముందే పుస్తకాన్ని చున్నీలో చుట్టుకుని స్టాఫ్‌రూముకి పోయింది. దిల్షాద్ బేగం కాపీలు దిద్దుతోంది. కళ్ళద్దాలు పైకి నెట్టి, ఏం రహీమా, ఫైజాకు జ్వరమా అని అడిగింది. రహీమాబీ పుస్తకం బల్లమీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి, ఏం చేసిందో చెప్పేసింది. చెప్పడానికి అట్టే సేపు పట్టలేదు.

దిల్షాద్ బేగం పేజీలు తిప్పింది. ట్రేసింగు పట్టీలను తడిమింది. పెన్సిలు రాత ఉండాల్సిన చోటికి వచ్చి ఆగిపోయింది. అంచున నల్లటి దీర్ఘచతురస్రం, మూలలు చక్కగా తీర్చి ఉంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. బయట పిల్లల అరుపులు, బస్సుల హారన్లు.

"మా సారు పోయి చాన ఏండ్లాయె. ఇంకేం మిగల్లే నాకు ఆయనది" అంది. "ఇక్కడ ఏం రాసి ఉండెనో నాక్కూడ యాదికి లేదు ఇప్పుడు. ఉన్నది గదా అని నేను ఎన్నడు మనసుల పెట్టుకోలే."

దిల్షాద్ బేగం కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"ఎవరు చెప్పిన్రు నీకు ఇది చెయ్యమని? ఆఫీసోళ్ళా?"

"ఎవురూ చెప్పలేదు మేడమ్. నాకే భయమేసింది."

"ఎవరు చెప్పకుండనే" అంది దిల్షాద్ బేగం. తిట్టినట్టు కాదు. లెక్క తేలక మళ్ళీ మొదటికొచ్చి చూసుకుంటున్నట్టు అంది. పుస్తకం మూసి, చున్నీలో తనే చుట్టి, మళ్ళీ రహీమాబీ చేతిలో పెట్టింది. "ఫైజాకు ఇయ్యి. సోమవారం ఇది పట్టుకునే నిలబడాలె. గిట్లనే, ఉన్నది ఉన్నట్టు. నిలబడకపోతే అప్పుడు నాకు కోపమొస్తది అని చెప్పు."

గుమ్మం దాకా వచ్చాక రహీమాబీ వెనక్కి తిరిగి చూసింది. దిల్షాద్ బేగం ఎర్రపెన్ను పట్టుకునే ఉంది గానీ దిద్దడం లేదు.

సోమవారం హాల్లో కుర్చీలు వేయడం, వేదిక మీద నీళ్ళగ్లాసులు పెట్టి మూతలు వేయడం రహీమాబీ పనే. ముందువరుసలో ట్రస్టు పెద్దలు, ఆఫీసువాళ్ళు, వేరే బళ్ళ టీచర్లు. వీరరాఘవరావు టై కట్టుకుని వచ్చాడు. ఏసీ చలికి గ్లాసుల బయట చెమ్మ పడుతోంది. ఆమె వెనక తలుపు దగ్గర ట్రే పట్టుకుని నిలబడింది. ఏమైనా జరిగితే బిడ్డను పట్టుకుని బయటికి పోవడానికి ఆ తలుపే దగ్గర.

ఫైజా మైకు ముందర మొదట కొంచెం తడబడింది. తర్వాత సర్దుకుంది. అంతా ఇంగ్లీషే. రహీమాబీకి కొన్ని మాటలు దొరుకుతున్నాయి, కొన్ని జారిపోతున్నాయి. ఫ్లడ్ అన్నప్పుడు తెలిసింది. బోట్ అన్నప్పుడు తెలిసింది. నేమ్స్ అని ఫైజా ఆగి, హాలును చూసి, ఎక్కనివాళ్ళ పేర్లు ఎవరు రాశారని అడిగినప్పుడు, అది తన వంటింట్లో పుట్టిన ప్రశ్నేనని పోల్చుకుంది. ముందువరుసలో ఒకాయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాసుకున్నట్టు?

ఫైజా ఒక భాగం చదవడానికి పుస్తకాన్ని ఎత్తింది. ఏసీ గాలికి మైదా జిగురు ఎండి పెళుసైపోయిందేమో, పట్టీ ఒకటి ఊడి, గాలిలో తిరుగుతూ వేదిక కిందికి, సరిగ్గా ముందువరుస కాళ్ళ దగ్గరికి వచ్చి పడింది. హాలంతా దాన్నే చూసింది. ఫైజా ఊడిన చోటు చూసుకుంది. ఆగలేదు. ఆ వరుసను చూడకుండానే చెప్పింది. పేర్లు కొట్టేశాను, కొట్టేయడానికి ఒక్కో పేరూ చదవాల్సి వచ్చింది. రహీమాబీ పెదవులు కూడా అదే ఇంగ్లీషులో కదిలాయి.

చదవడం అయ్యాక న్యాయనిర్ణేతల్లో ఒక తెల్లగడ్డం పెద్దమనిషి వంగి ఆ పట్టీ తీసి, ఫైజా చేతికి అందిస్తూ, పుస్తకం ఒకసారి చూపించమన్నాడు. చూశాడు. కళ్ళద్దాలు మార్చుకుని మళ్ళీ చూశాడు. ఈ నల్లగుర్తులేమిటమ్మా అని అడిగాడు.

వీరరాఘవరావు కుర్చీలో కదిలాడు. ఆ రంగు, ఆ మూలలు తీర్చిన తీరు ఎవరి చేతివో ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది? దిల్షాద్ బేగం లేవబోయింది. రహీమాబీ తలుపు గొళ్ళెం పట్టుకుంది.

"అవి మా అమ్మవి సార్" అంది ఫైజా. "నాకంటే ముందు మా అమ్మ ఈ పుస్తకం చదివింది."

పెద్దమనిషి తలాడించి, మంచి అమ్మ అన్నాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ప్రైజు వేరే బడికి పోయింది. ఫైజా మెట్లు దిగి నేరుగా వెనకతలుపు దగ్గరికి వచ్చి, ట్రేలోంచి గ్లాసు తీసుకుని, నీళ్ళు గడగడా తాగింది. అమ్మా కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. గ్లాసు తిరిగిపెడుతూ ఫైజా తల్లి వేళ్ళను ఒకసారి ఒత్తింది. గోళ్ళ సందుల్లో నలుపు ఇంకా పోలేదు.

బుధవారం కొత్తగా ఇంకో అట్టపెట్టె వచ్చింది. ఏడో తరగతి కథల పుస్తకాలు. ఆఫీసు కాగితంలో ఒకే ఒక్క వరుస ఉంది. రహీమాబీ చాప పరిచి, పలక ఒళ్ళో పెట్టుకుని, మొదటి పుస్తకం తెరిచి అట్టముక్క దూర్చింది. మార్కరు మూత తీసింది. తీసి, మళ్ళీ పెట్టింది.

వేలు ఆనించి ఆ వరుస చదివింది. ఒక మాట దగ్గర ఆగిపోయి, ముందుగదిలోకి పోయి పెద్ద డిక్షనరీ చూసుకుని వచ్చింది. మళ్ళీ మొదటినుంచి, పెదవులు కదుపుతూ, చివరిదాకా చదివింది. అప్పుడు స్కేలు ఆనించి, ఎడమ నుంచి కుడికి ఒక పూత వేసింది. చెప్పిన పని చెప్పినట్టు. పుస్తకాన్ని ఆరడానికి పక్కన పెట్టి ఇంకోటి అందుకుంది. ఆరిన పుస్తకాలను మళ్ళీ తీసుకోలేదు. మూసి గుట్టలో పెట్టుకుంటూ పోయింది. గుట్ట పెరిగేకొద్దీ భయమూ పెరిగింది. చెయ్యి మాత్రం వెనక్కి పోలేదు.

సాయంత్రం వీరరాఘవరావు వచ్చాడు. సోమవారం సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఆయన గుట్ట మధ్యలోంచి ఒక పుస్తకం లాగి, పేజీ తీసి, ఎప్పటిలాగే కిటికీకేసి పట్టాడు. పడమటి ఎండ కాగితం గుండా దూరి వచ్చింది. నలుపు మధ్య అక్షరాలు, పల్చటి పరదా వెనక మనుషుల్లాగా, ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉన్నాయి. చాపమీద కూర్చున్న రహీమాబీకి కూడా కనపడుతున్నాయి.

ఆయన పుస్తకం దించలేదు. ఎంతసేపో అలాగే పట్టుకుని చూశాడు. చదువుతున్నాడని ఆమెకు ఆయన కళ్ళు కదిలే తీరులో తెలిసింది. కఫీల్, వీసా, విమానం, కడప స్టేషను అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి.

వీరరాఘవరావు పుస్తకం మూసి, అయిపోయిన గుట్టమీద పెట్టి, అంచులు సరిచేశాడు.

"ఈమధ్య మార్కర్లు పల్చగా వస్తున్నాయండి, రహీమాబీ గారూ" అన్నాడు. "మీరేం చేస్తారు పాపం."

లైటు ఆర్పి ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. రహీమాబీ మార్కరుకు మూత బిగించి, చాప చుట్టి గోడకు నిలబెట్టింది.